గుర్తుండాల్సిన తలుపులు: చేతి కన్సోల్‌లో రక్తపిశాచుల కోట

కోటలో ఒక గది. కుడివైపు పైన ఒక గట్టు. ఎంత ఎగిరినా జానెడు తక్కువవుతుంది. ఆ గట్టు మీద ఏముందో తెలియదు, ఆటలో ఎవరూ చెప్పరు. నాలుగుసార్లు ఎగిరి చూసి, విసిగి, పక్క గదిలోకి వెళ్లిపోవడమే. రెండు రోజుల తర్వాత ఎక్కడో వేరే అంతస్తులో ఒక పెద్ద రాక్షసుణ్ని కూల్చాక, గాల్లో ఉండగానే రెండోసారి ఎగిరే శక్తి చేతికొస్తుంది. అప్పుడు ఆటగాడి తలలో మెదిలేది గెలిచిన పోరాటం కన్నా ఆ పాత గట్టే.

కొనామీ సంస్థ తీసిన 'కాసిల్‌వేనియా' ఆటలూ, వాటి బాటలో వచ్చినవీ ఈ రెండు క్షణాల మధ్య దూరం మీదే నిలబడ్డాయి. రక్తపిశాచులు, శవపేటికలు, కొరడా, శిలువ, చంద్రుడి ముందు ఎగిరే గబ్బిలాలు, ఇవన్నీ కంటికి కనిపించే అలంకారం. లోపల జరిగే పని ఒకటే. అందనిదాన్నీ తెరుచుకోనిదాన్నీ గుర్తుపెట్టుకోవడం, తగిన శక్తి రాగానే అక్కడికి తిరిగి వెళ్లడం. బేతాళ కథల్లో విక్రమార్కుడు మళ్లీ మళ్లీ అదే చెట్టు దగ్గరకు నడిచినట్టే ఇక్కడా నడవాలి. తేడా ఏమిటంటే విక్రమార్కుడు ప్రతిసారీ అదే కత్తితో, అదే మౌనంతో వెళ్తాడు. ఈ ఆటలో తిరిగి వెళ్లే మనిషి ప్రతిసారీ కొంచెం మారి ఉంటాడు.

ఈ తరహా ఆటల్లో మేలైనవాటిలో చాలావరకు టీవీ కోసం వచ్చినవి కావు. 2001 నుంచి 2008 దాకా చేతిలో పట్టే చిన్న కన్సోళ్ల (ఆటలాడే యంత్రాల) మీదే ఆరు వచ్చాయి. ఎక్కడికైనా తీసుకెళ్లొచ్చు కాబట్టి అని సాధారణంగా చెబుతారు. ఆ మాట ఏ ఆటకైనా సరిపోతుంది. వీటికి ప్రత్యేకంగా వర్తించే కారణం ఇంకొకటి ఉంది. చేతి కన్సోల్‌లో ఆట ఎప్పుడూ ముక్కలుగా సాగుతుంది. ముక్కలుగా ఆడినప్పుడు జ్ఞాపకానికి పని పెరుగుతుంది. జ్ఞాపకమే ప్రాణమైన ఆటకు అది మేలూ చేస్తుంది, చెరుపూ చేస్తుంది.

కడప నుంచి కర్నూలు బస్సు ప్రయాణాన్నే తీసుకుంటే విషయం తేలిగ్గా అర్థమవుతుంది. రెండు వందల కిలోమీటర్లకు పైగా దారి, నాలుగైదు గంటల సమయం. ఖాజీపేట, మైదుకూరు, దువ్వూరు, చాగలమర్రి, ఆళ్లగడ్డ, నంద్యాల, పాణ్యం, ఓర్వకల్లు. ఒక్కో ఊరికీ మధ్య దొరికేది పావుగంటో అరగంటో. మధ్యలో టికెట్ చూపించాలి, పక్కసీటు మనిషి దిగితే లేచి దారివ్వాలి, ఇంటి నుంచి ఫోనొస్తే మాట్లాడాలి. కథను సినిమాలా గంటసేపు చెప్పే ఆటలు ఇలాంటి చోట ఇబ్బంది పెడతాయి. గదుల వరుసగా కట్టిన కోట మాత్రం ఈ ముక్కల్లో చక్కగా ఇమిడిపోతుంది. ఒక వసారా, రెండు గదులు, ఒక మెట్ల దారి, చివర సేవ్ రూమ్. అక్కడ నిలబడితే ప్రాణం మళ్లీ నిండుతుంది, అప్పటిదాకా చేసింది భద్రమవుతుంది. సేవ్ రూమ్ చేరకముందే చస్తే గడిచిన ఇరవై నిమిషాలూ నీళ్లపాలే. అందుకే బస్సు ఊళ్లోకి వస్తుంటే సేవ్ రూమ్ ఎంత దూరముందోనన్న టెన్షన్ ఆటలో భాగమైపోతుంది.

కొరడా నుంచి మ్యాప్ దాకా

మొదటి ఆటలో అన్వేషణ లేదు. 1986 సెప్టెంబర్‌లో జపాన్‌లో నింటెండో సంస్థ కన్సోల్ ఫామికామ్ డిస్క్ సిస్టమ్ మీద వచ్చిన ఆ ఆటలో సైమన్ బెల్మాంట్ అనే వేటగాడు కొరడా పట్టుకుని కోటలోకి నడుస్తాడు. ఒక దశ ముగిస్తే ఇంకో దశ, చివరికి డ్రాకులా. వెనక్కి తిరగాల్సిన పని లేదు. తొంభైల్లో మన ఊళ్లలో టీవీకి తగిలించుకునే వీడియో గేమ్ క్యాసెట్లు ఆడిన తరానికి ఈ నడక కొత్తేమీ కాదు. ఆ తరమంతా ఆడిన 'కాంట్రా' కూడా కొనామీ తీసిందే. ఎదురుగా వచ్చినవాళ్లను కొడుతూ ముందుకు పోవడమే అందులోనూ పద్ధతి.

మలుపు 1997లో వచ్చింది. సోనీ కన్సోల్ ప్లేస్టేషన్ మీద వచ్చిన కాసిల్‌వేనియా ఆట 'సింఫనీ ఆఫ్ ది నైట్'కు టోరు హగిహరా దర్శకుడు. ఆయన దగ్గర సహాయ దర్శకుడిగా చేసిన కోజీ ఇగరాషీయే తర్వాత ఈ పరంపరను భుజాన మోశాడు. ఇందులో దశలు లేవు. కోట మొత్తం ఒకటే పటం. కథానాయకుడు వేటగాడు కాదు, డ్రాకులా కొడుకు ఆలుకార్డ్. ఇంగ్లిష్ అక్షరాల్లో తండ్రి పేరును వెనక నుంచి చదివితే వచ్చేదే కొడుకు పేరు. అతను పొగమంచుగా మారి కంతల తడికెలోంచి దూరిపోతాడు, గబ్బిలమై పైకి ఎగురుతాడు, తోడేలై పరిగెడతాడు. ఆయా రూపాలు వచ్చేదాకా తడికె అడ్డంగా ఉంటుంది, గోపురం అందకుండా ఉంటుంది. 1986లోనే వచ్చిన నింటెండో ఆట 'మెట్రాయిడ్'లో ఇలాంటి అల్లిక ముందే ఉంది. ఆ రెండు పేర్లూ కలిపి ఈ తరహాకు 'మెట్రాయిడ్‌వేనియా' అనే పేరు స్థిరపడింది.

ఈ ఆటలో గోతిక్ (పాత కోటలు, పిశాచుల) అలంకారాన్ని కాసేపు పక్కన పెట్టి కథ ముడి చూస్తే మనకు బాగా తెలిసినదే కనిపిస్తుంది. కోటకు యజమానిగా కూర్చున్నవాడు రిక్టర్ బెల్మాంట్, వెనకటి ఆటలో డ్రాకులాను చంపిన వీరుడు. అతన్ని ఓడిస్తే ఆట ముగిసినట్టే అనిపిస్తుంది, ముగింపు కూడా వస్తుంది. అది అసలు ముగింపు కాదు. బంగారు ఉంగరం, వెండి ఉంగరం రెండూ సంపాదించి, వేసుకుని గడియారపు గదిలో నిలబడితే నేల తెరుచుకుంటుంది. కింద మరియా అనే అమ్మాయి ఇచ్చే కళ్లద్దాలు పెట్టుకుని వెళ్తే రిక్టర్ చుట్టూ తిరిగే ఆకుపచ్చ గోళం ఒకటి కనిపిస్తుంది. కొట్టాల్సింది దాన్ని. అతన్ని ఆడిస్తున్న షాఫ్ట్ అనే మాంత్రికుడి బలం ఆ గోళంలో ఉంది. బుర్రకథల్లో మాయల మరాఠీ ప్రాణం ఎక్కడో దూరాన చిలకలో ఉంటుంది. వాడి మీద ఎన్ని కత్తులు దూసినా లాభం లేదు, చిలక జాడ తెలిసిన బాలవర్ధిరాజు చేతిలోనే వాడు చస్తాడు. బాలనాగమ్మ కథ విని పెరిగినవాళ్లకు ఆ గోళం ఏమిటో ఎవరూ వివరించనక్కర్లేదు.

గోళం పగిలాక ఆకాశంలో అదే కోట తలకిందులుగా ప్రత్యక్షమవుతుంది. మెట్లు కప్పులో, దీపాలు నేలలో. నడిచిన దారులన్నీ మళ్లీ కొత్తవవుతాయి. మ్యాప్ మొత్తం పూర్తిచేస్తే చూపించే లెక్క 200.6 శాతం. సగం ఆటను అలా దాచిపెట్టడం పెద్ద సాహసం. ఉంగరాల గురించిన సూచనను పట్టించుకోనివాళ్లు ఆ సగాన్ని చూడకుండానే ఆట కట్టేసి ఉంటారు.

చీకటి తెర, సీమ ఎండ

చేతి కన్సోళ్ల మీద కాసిల్‌వేనియా కథ నింటెండో గేమ్‌బాయ్‌తో, 1989లో మొదలైంది. నాలుగు ఛాయల తెర, నత్తనడక నాయకుడు. దాని గురించి ఇంతకు మించి చెప్పుకోవాల్సింది లేదు. అసలు కథ 2001 మార్చిలో జపాన్‌లో గేమ్‌బాయ్ అడ్వాన్స్ విడుదలైన రోజే దానితో పాటు వచ్చిన 'సర్కిల్ ఆఫ్ ది మూన్'ది.

ఆ కన్సోల్ తెర 2.9 అంగుళాలు, 240 బై 160 చుక్కలు, లోపల లైటు లేదు. బయటి వెలుతురు తెర మీద పడి తిరిగొస్తేనే బొమ్మ కనిపిస్తుంది. అలాంటి తెర మీద నల్లటి కోట, ముదురు నీలం ఆకాశం, బూడిదరంగు అస్థిపంజరాలు పెట్టారు. ట్యూబ్‌లైటు కింద కూర్చుని ఆడితే గబ్బిలం వచ్చి తగిలాక గానీ ఉన్నట్టు తెలియదు. ఆట లోపల తప్పేమీ లేదు. శత్రువుల నుంచి దొరికే ఇరవై కార్డులను పది, పదిగా జతచేసి వంద రకాల మాయలు పుట్టించే ఏర్పాటు ఇప్పటికీ ముచ్చటగా ఉంటుంది. గోతిక్ అందానికి చీకటి కావాలి, ఆ తెరకు వెలుతురు కావాలి. ఈ రెంటి మధ్య ఆట నలిగిపోయింది.

2002లో ఇగరాషీ బృందం తెచ్చిన 'హార్మనీ ఆఫ్ డిసొనెన్స్' దీనికి ఇచ్చిన జవాబు చాలా సూటిది. గోడలకు కళ్లు మిరుమిట్లు గొలిపే రంగులు వేసింది, కథానాయకుడు జూస్ట్ చుట్టూ ఒక నీలం గీత గీసింది. మూలగదిలో కూర్చున్నా మనిషి ఎక్కడున్నాడో తెలుస్తుంది. అందుకు చెల్లించిన మూల్యమూ ఉంది. ఆ రంగుల కోటలో భయం పలచబడింది, ఆ ఆట సంగీతం నాణ్యత మీదా విమర్శలొచ్చాయి. 2003లో తెరకు లైటు ఉన్న గేమ్‌బాయ్ అడ్వాన్స్ ఎస్‌పీ వచ్చింది. అదే ఏడు వచ్చిన 'ఆరియా ఆఫ్ సారో' మళ్లీ ధైర్యంగా నీడల్లోకి వెళ్లగలిగింది. కోట ఎలా కనిపించాలన్నది చిత్రకారుడు ఒక్కడే తేల్చిన విషయం కాదు, తెర తయారీ కూడా తేల్చింది.

ఇక్కడ కడప ఎండను లెక్కలోకి తీసుకోవాలి. ఎండాకాలంలో నలభై డిగ్రీలు దాటే చోట, మధ్యాహ్నం కిటికీ పక్క సీటులో, ఆ లైటు లేని పాత తెరే అన్నిటికన్నా స్పష్టంగా కనిపిస్తుంది. ఎండ ఎంత ఎక్కువైతే బొమ్మ అంత తేటగా ఉంటుంది. ఇప్పటి మెరిసే తెరలు అందుకు పూర్తిగా వ్యతిరేకం. గదిలో, రాత్రిపూట ఓలెడ్ తెర మీద కోట చీకటి చిక్కటి నలుపుగా, అద్భుతంగా ఉంటుంది. బస్సు కిటికీ దగ్గర మాత్రం అదే నలుపు అద్దమైపోయి మన ముఖమే కనిపిస్తుంది. కాబట్టి చీకటి ఆటలకు సీటు ముఖ్యం. కడప నుంచి కర్నూలు దారి దాదాపు ఉత్తరానికి పోతుంది. పొద్దున బయల్దేరితే ఎడమవైపు కూర్చోవాలి, మధ్యాహ్నం దాటాక బయల్దేరితే కుడివైపు. చిన్న విషయంలా ఉంటుంది గానీ మూడు గంటల ఆట దీని మీద ఆధారపడి ఉంటుంది.

ఎండ మాట వచ్చింది కాబట్టి 'బోక్తాయ్' గురించి చెప్పకుండా ముందుకు పోకూడదు. 2003లో గేమ్‌బాయ్ అడ్వాన్స్ మీద కొనామీయే విడుదల చేసిన ఈ ఆటకు నిర్మాత హిడియో కోజిమా. ఇదీ రక్తపిశాచుల వేటే, ఇదీ చీకటి బిలాల్లో దారి వెతుక్కునే ఆటే. వింతంతా ఆట ఉండే క్యాసెట్‌లో, అంటే క్యాట్రిడ్జ్‌లో ఉంది. దాని పైభాగాన సూర్యకాంతిని కొలిచే చిన్న సెన్సర్ అమర్చారు. కథానాయకుడు జాంగో చేతిలోని తుపాకీకి మందు సూర్యరశ్మే. నిజమైన ఎండలోకి కన్సోల్‌ను తీసుకెళ్తేనే తుపాకీ నిండుతుంది. పిశాచిని ఓడించాక కూడా పని పూర్తికాదు. శవపేటికను బిలం బయటికి లాక్కొచ్చి ఎండలో పెట్టి శుద్ధి చేయాలి. చాలా దేశాల్లో ఆటగాళ్లకు ఇది కష్టమైన షరతు. ముసురు పట్టిన వారంలో వాళ్లు ఆట ఆపుకోవాల్సిందే. పాణ్యం, ఓర్వకల్లు మండలాల్లో వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు పెట్టేంత ఎండ ఉన్న కర్నూలు సీమకు, వానల కోసం ఏడాది పొడుగునా ఎదురుచూసే అనంతపురానికి ఆ ఇబ్బంది ఎక్కడిది? ఈ నేల మీద ఆడటానికే పుట్టినట్టుంటుంది ఆ ఆట.

పిశాచి ఎండకు చస్తుందన్న నమ్మకం అంత పాతది కాదు. 1897లో బ్రామ్ స్టోకర్ రాసిన నవలలో డ్రాకులా పగటిపూట కూడా తిరుగుతాడు, శక్తి తగ్గి ఉంటుందంతే. ఎండ తగిలి నశించడం 1922 నాటి ఒక జర్మన్ మూకీ చిత్రం తర్వాతే బలపడింది. మన దెయ్యాలకు ఈ నియమాలు వర్తించవు. చింతచెట్టు మీది దెయ్యానికి శిలువ భయం లేదు, వెల్లుల్లి పట్టింపు లేదు. ఈ ఆటల్లో పవిత్రజలం విసిరినప్పుడు మనకు భక్తి వల్ల కలిగే ఊరట కలగదు, అది ఒక ఆయుధం మాత్రమే. ఆ మేరకు మనం ఏదో కోల్పోతున్నామన్నది నిజం.

మనకు తెలిసిన కోటలు

అయితే కోట మనకు పరాయిది కాదు. గుత్తి కోట కింద నిలబడి తలెత్తితే కొండ మీద ఒకదాని పైన ఒకటిగా ప్రాకారాలు కనిపిస్తాయి. ఏ ద్వారం నుంచి ఏ బురుజుకు దారి ఉందో కింద నుంచి తెలియదు. ఎక్కినకొద్దీ ఒక్కో మలుపూ విడిపోతుంది. గండికోటలో జామియా మసీదు, ధాన్యాగారం, మాధవరాయ ఆలయం, రంగనాథాలయం, జైలు, కోనేరు అన్నీ ఒకే గోడ లోపల ఉన్నాయి. మొదటిసారి వెళ్లినవాళ్లు వాటిని విడివిడిగా చూస్తారు. పెన్నా లోయ అంచు దాకా వెళ్లి వెనక్కి తిరిగినప్పుడు గానీ దేని పక్కన ఏది ఉందో, లోయవైపు గోడ అవసరం ఎందుకు తగ్గిందో తలకెక్కదు. ఆటలోని కోట కూడా ఇంతే. ప్రార్థనామందిరం, గ్రంథాలయం, గడియారపు గోపురం, భూగర్భ జలాశయం ముందు విడివిడి చోట్లుగా తెలుస్తాయి. ఒక అడ్డదారి తెరుచుకున్న రోజున గ్రంథాలయం సరిగ్గా జలాశయం మీదే ఉందని అర్థమై ఒళ్లు జలదరిస్తుంది. మంచి మెట్రాయిడ్‌వేనియాకు కొలత శత్రువుల సంఖ్య కాదు, ఇలాంటి జలదరింపులు ఎన్ని ఉన్నాయన్నదే.

కర్నూలు కొండారెడ్డి బురుజు కింద నుంచి తుంగభద్ర అడుగున సొరంగం పోతుందని ఊళ్లో చెప్పుకుంటారు. ఆ సొరంగం ఊహ పిల్లల్లో ఏ కుతూహలాన్ని రేపుతుందో, ఆటలో మ్యాప్ మీద ఒక గది గోడకు అవతల ఖాళీ చదరం కనిపించినప్పుడు అదే కుతూహలం రేగుతుంది. పాత కర్నూలు జిల్లాలోని బెలుం గుహల నడకా ఇలాంటిదే. 3,229 మీటర్ల ఆ గుహల్లో వంగి, నడుం పట్టేసే సన్నని దారిలో పోయి పోయి ఒక్కసారిగా విశాలమైన మందిరంలో తేలతాం. చివరికి నేల మట్టానికి 46 మీటర్ల అడుగున పాతాళగంగ. ఇరుకు తర్వాత వచ్చే విశాలానికే విలువ. ఇగరాషీ కోటలు ఈ లయను బాగా పట్టుకున్నాయి. పొట్టి వసారాలు నాలుగు దాటించి ఐదోదాన్ని మూడు తెరల ఎత్తున కడతాయి.

పోలిక ఒకచోట ఆపాలి. ఆటలో గోడను కొడితే పగిలి లోపల వేయించిన మాంసం దొరుకుతుంది, తింటే ప్రాణం నిండుతుంది. పరంపర మొదటి ఆట నుంచీ ఉన్న ముచ్చట ఇది. మన కోటల్లో మాత్రం గుప్తనిధుల పేరుతో గోడలు తవ్వేవాళ్లు నిజంగానే ఉన్నారు. వాళ్ల వల్ల పోయిన శిల్పాలు తిరిగిరావు. గోడ తట్టి చూడాలన్న కోరిక తెర మీద తీర్చుకోవాల్సిందే.

ముక్కల ఆట, మూత వేసే ఆట

'ఆరియా ఆఫ్ సారో' దగ్గరకు మళ్లీ రావాలి, ఎందుకంటే చేతి కన్సోల్ తత్వాన్ని దీనంత బాగా అర్థం చేసుకున్న ఆట ఈ పరంపరలో మరొకటి లేదు. కథ 2035లో జరుగుతుంది. సూర్యగ్రహణంలో దాగిన కోటలోకి సోమా క్రూజ్ అనే కుర్రాడు వచ్చిపడతాడు. చంపిన శత్రువుల ఆత్మలు అతనిలో చేరతాయి, ఆ శత్రువు శక్తి అతనిదవుతుంది. ఏ ఆత్మ ఎప్పుడు దొరుకుతుందో చెప్పలేం, అదృష్టం మీద ఆధారం. పెద్ద టీవీ ముందు ఇది చాకిరీ అనిపించొచ్చు. బస్సులో మాత్రం అదే పని ఊరటనిస్తుంది. దువ్వూరు నుంచి చాగలమర్రి దాకా ఒకే వసారాలో అటూ ఇటూ తిరిగి ఒక ఆత్మ సంపాదిస్తే చాలు, ఆ పావుగంట వృథా కాలేదు. మనసు పూర్తిగా పెట్టలేని సమయానికి ఒక పని, మనసు పెట్టగల సమయానికి బాస్‌తో, అంటే కాపలా ఉండే పెద్ద శత్రువుతో పోరాటం. ఆట రెంటికీ చోటిచ్చింది.

తర్వాతి చేతి కన్సోల్ నింటెండో డీఎస్ ఇంకో సౌకర్యం తెచ్చింది. మూత మూస్తే ఆట నిద్రపోతుంది, తెరిస్తే అదే చోట లేస్తుంది. పైగా తెరలు రెండు. 2005 నాటి 'డాన్ ఆఫ్ సారో' పైతెర మీద మ్యాప్ ఎప్పుడూ కనిపించేలా పెట్టింది. అంతకుముందు మ్యాప్ కోసం బటన్ నొక్కి ఆట ఆపాల్సి వచ్చేది. ఇది ఎంత పెద్ద మార్పో ఆడినవాళ్లకే తెలుస్తుంది. ఖాళీ చదరాలు ప్రతి క్షణం కళ్ల ముందు ఉండి పిలుస్తుంటాయి. అదే ఆటలో చేసిన పొరపాటు మంత్రముద్రలు. బాస్ ప్రాణం అయిపోయాక కింది తెర మీద స్టైలస్‌తో ఒక ముద్ర గీయాలి. గీత తప్పితే బాస్ మళ్లీ కొంత ప్రాణంతో లేస్తాడు. బస్సు స్పీడ్‌బ్రేకర్ ఎక్కే క్షణంలో ఆ గీత గీయాల్సి వస్తే అంతే సంగతులు. చేతిలో పట్టుకు తిరిగే యంత్రం మీద కదలకుండా కూర్చుంటేనే కుదిరే పని పెట్టారు.

2006లో 'పోర్ట్రెయిట్ ఆఫ్ రూయిన్' కోటను చిన్నది చేసి, గోడల మీది వర్ణచిత్రాల్లోకి దూకితే వేరే లోకాలు తెరుచుకునేలా చేసింది. జొనాథన్, షార్లెట్ ఇద్దరినీ మార్చుకుంటూ ఆడాలి. 2008లో 'ఆర్డర్ ఆఫ్ ఎక్లీసియా' ఇంకా దూరం వెళ్లింది. ప్రపంచపటం మీద విడివిడి చోట్లు, మధ్యలో విగోల్ అనే ఊరు, కథానాయిక షనోవా కాపాడాల్సిన ఊరి జనం. వాళ్లందరినీ కాపాడకపోతే కథ అసలు దారిలోకి రాదు. ఒక్కో చోటు అరగంటలో అయిపోతుంది కాబట్టి ప్రయాణానికి ఇవి ఎక్కువ అనువు. పోరాటం పరంగా ఎక్లీసియా అన్నిటికన్నా పదునైనది. అయినా లోటు తెలుస్తూనే ఉంటుంది. చిన్న చిన్న చోట్లను ముగించి వెనక్కి చూడకుండా వెళ్లిపోతే, రెండు రోజుల కిందటి గట్టును మోసుకు తిరగాల్సిన పని తగ్గుతుంది. ముక్కల ఆటకు మరీ అనుకూలంగా మలిస్తే జ్ఞాపకానికి మిగిలే పని తగ్గిపోతుందన్నది ఈ రెండు ఆటలూ చూపించాయి.

మరోవైపు, జ్ఞాపకం నిజంగానే తెగిపోయే సందర్భాలూ ఉంటాయి. పరీక్షలో, పెళ్లో, వేరుశనగ కోతలో వచ్చి పదిహేను రోజులు కన్సోల్ పక్కన పడితే, తిరిగి తెరిచినప్పుడు మ్యాప్ సగమే సాయం చేస్తుంది. ఎక్కడ తిరిగామో చూపిస్తుంది గానీ ఎందుకు ఆగామో చూపించదు. నీళ్లు అడ్డమా, ముళ్లు అడ్డమా, గట్టు ఎత్తా? సగంలో వదిలేసిన ఆటలకు ఎక్కువగా కారణం ఇదే, కష్టమైన బాస్ కాదు. ఒక చిన్న నోట్‌బుక్కు దీన్ని పూర్తిగా తీరుస్తుంది. 'జలాశయం, ఎడమ చివర, నీటి అడుగున తలుపు' అని ఒక్క లైను చాలు. స్క్రీన్‌షాట్ కన్నా చేతిరాత మేలు, ఎందుకంటే రాసేటప్పుడు అడ్డం ఏమిటో మాటల్లో పెట్టక తప్పదు.

ఇయర్‌ఫోన్స్ మాట కూడా ఒకటి. మిచిరు యమానే సంగీతం లేకుండా ఈ కోటల్లో తిరగడం గంట మోగని గుడిలో తిరగడంలా ఉంటుంది. ఒక్కో చోటుకు ఒక్కో బాణీ ఉండటం వల్ల చెవి కూడా దారి గుర్తుపెట్టుకుంటుంది.

ఇప్పుడు ఆడాలంటే

పాత క్యాట్రిడ్జ్‌ల కోసం వెతుక్కోవాల్సిన రోజులు పోయాయి. గేమ్‌బాయ్ అడ్వాన్స్ ఆటలు మూడూ 2021లో 'అడ్వాన్స్ కలెక్షన్'గా, డీఎస్ ఆటలు మూడూ 2024 ఆగస్టులో 'డామినస్ కలెక్షన్'గా వచ్చాయి. నింటెండో చేతి కన్సోల్ స్విచ్‌లోనూ పీసీలోనూ దొరుకుతాయి. 'సింఫనీ' 2020లో ఫోన్లకూ వచ్చింది. ఫోన్‌లో ఆడొచ్చు గానీ తెర మీది బటన్లు వేలి కింద తెలియవు. వెనక్కి జారి తప్పుకోవాల్సిన చోట బొటనవేలు తడుముకుంటుంది. బ్లూటూత్ కంట్రోలర్ ఉంటేనే ఆ ఆటకు న్యాయం జరుగుతుంది. ఆటలన్నీ నింపి చవకగా అమ్మే పేరులేని రెట్రో మెషీన్లలో ఉన్నవి హక్కులు లేని నకళ్లు. కలెక్షన్లు డిస్కౌంట్‌లో దొరుకుతున్నప్పుడు ఆ దారి పట్టాల్సిన అవసరం లేదు.

కొనామీ నుంచి బయటికొచ్చిన ఇగరాషీ 2015లో జనం నుంచి 55 లక్షల డాలర్లకు పైగా విరాళాలు సేకరించి, 2019లో 'బ్లడ్‌స్టెయిన్డ్: రిచువల్ ఆఫ్ ది నైట్' తెచ్చాడు. ఆత్మల చోట స్ఫటికపు ముక్కలు, సోమా చోట మిరియం. పెద్ద మెషీన్ల మీద బాగా నడిచింది. స్విచ్ మీద మాత్రం విడుదలైనప్పుడు తడబడింది. చేతి కన్సోల్ మీద పేరు తెచ్చుకున్న మనిషి ఆట చేతి కన్సోల్ మీదే కుంటడం బాధాకరం.

కలెక్షన్లలో వచ్చిన కొత్త సౌకర్యాల్లో క్విక్ సేవ్, రివైండ్ ముఖ్యమైనవి. ఏ గదిలోనైనా ఆపి భద్రం చేసుకోవచ్చు, తప్పు చేస్తే కొన్ని క్షణాలు వెనక్కి తిప్పుకోవచ్చు. దిగాల్సిన స్టాప్ వచ్చినప్పుడు క్విక్ సేవ్ వరమే. బాస్ ముందు నిలబడి ప్రతి దెబ్బకూ వాడితే మాత్రం సేవ్ రూమ్‌కు అర్థం పోతుంది. ప్రాణం చివరి గీతలో ఉండగా తలుపు తీసి, అవతల సేవ్ రూమ్ కనిపించినప్పుడు కలిగే ఊరట ఈ ఆటల్లో దొరికే గొప్ప అనుభవాల్లో ఒకటి. రివైండ్ దాన్ని ముందే ఖర్చు చేసేస్తుంది.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు 'ఆరియా'తో మొదలుపెట్టడం మంచిది. పెద్దది కాదు, చెయ్యి తిరిగినవాళ్లకు కడప నుంచి కర్నూలు పోయి వచ్చేలోపు మొదటి ముగింపు కనిపిస్తుంది. కానీ కోటలో మూడు పాత పుస్తకాలు దొరుకుతాయి, వాటిలోని వాక్యాలు మూడు ఆత్మలను సూచిస్తాయి. చివరి పోరాటానికి ఆ మూడింటినీ ధరించి వెళ్తేనే సోమా ఎవరన్నది బయటపడుతుంది, ఆ వెనక ఇంకో లోకం తెరుచుకుంటుంది. పుస్తకం దొరికిన రోజునే ఆ వాక్యాన్ని నోట్‌బుక్కులో రాసిపెట్టుకోవాలి. అది అవసరపడే సమయానికి బస్సు నాలుగు ఊళ్లు దాటి ఉంటుంది.